పాలిష్ రాయి మీద నా కాలు జారిన ఆదివారం

నేను ఒక జాకీని. ముడుచుకుని ఉన్నప్పుడు చూస్తే వానకు ముందు గట్టు మీద కూర్చున్న కప్పలా ఉంటాను, జానెడు ఎత్తు కూడా ఉండను. మధ్యలో ఒక మర, దానికి అటూ ఇటూ రెండేసి ఇనుప చేతులు, కింద ఒక పాదం, పైన ఒక అరచేయి. మరకు కడ్డీ తగిలించి తిప్పితే మెల్లగా లేస్తాను. నాతోపాటు మీ కారూ లేస్తుంది. అంతే నా విద్య. ఇంత చిన్న విద్యతో ఇన్నేళ్లు దర్జాగా బతికానంటే, రోడ్ల మీద మేకులు పారేసే అలవాటు మనుషులకు ఉండబట్టే. వాళ్ల రుణం తీర్చుకోలేనిది.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక ఇనుప కార్ఖానాలో. అక్కడి కొలిమి వేడి గురించి చెబితే మీరు నమ్మరు. ఆ వీధి ఆడవాళ్లు పొయ్యి వెలిగించేవారు కాదు. పిండిముద్ద చరిచి కార్ఖానా గోడకు కొడితే, రొట్టె పొంగి తనంతట తానే చేతిలో పడేది. నన్ను పరీక్ష చేసిన మేస్త్రీ నా నెత్తిన రెండు టన్నుల దిమ్మ పెట్టి, టీ తాగడానికి వెళ్లి, నా సంగతి మరిచిపోయి ఇంటికి పోయాడు. మర్నాడు వచ్చి చూస్తే నేను ఎలా నిలబడ్డవాణ్ని అలాగే ఉన్నాను. దిమ్మకే చెమట పట్టింది.

నా మొదటి యజమాని అద్దంకిలో టాక్సీ తోలే మస్తాన్ వలీ. మంచివాడు. నన్ను ప్రతి శుక్రవారం తుడిచి, మరకు నూనె రాసేవాడు. ఒకసారి దారిలో ఆగిపోయిన బస్సుకు నన్ను అరువిచ్చాడు. అందులో డెబ్భైమంది ప్రయాణికులు, పైన పది పొగాకు బేళ్లు, నాలుగు మేకలు. కండక్టరు అందరినీ దిగమంటే, సీట్లు పోతాయని ఒక్కరూ కదల్లేదు. అలాగే ఎత్తాను. సరే, మేకలు నాలుగు కాదు, రెండే. బస్సు కూడా, నిజం చెప్పాలంటే, బస్సు కాదు, జీపు. కానీ నిండుగా ఉంది.

మస్తాన్ వలీ నన్ను తిప్పేటప్పుడు చుట్టూ మూగినవాళ్లతో ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "ఇది ఎత్తిద్ది భాయ్. ఎత్తి పట్టుకునుండే బాధ్యత దీనిది కాదు. కింద తలకాయ పెట్టబాకండి." ఆ మాటకు మొదట్లో నాకు రోషం వచ్చేది. తర్వాత తర్వాత అదే నిజమని ఒప్పుకున్నాను. నా గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆయనొక్కడే.

ఆ తర్వాత షామియానాలు అద్దెకిచ్చే ఒకాయన చేతికి వెళ్లాను. ఆయన నన్ను పెళ్లి వేదిక కింద, నేల పల్లంగా ఉన్న మూల పెట్టి, ఎత్తు సరిచేసి, అక్కడే మరిచిపోయేవాడు. మూడు పెళ్లిళ్లు నా నెత్తిన జరిగాయి. అక్షింతలు కూడా నా మీద చాలానే రాలాయి, కాని ఆశీర్వాదం ఎవరికి చేరిందో తెలియదు.

చివరకు ఒక పాత తెల్లకారు డిక్కీలో, స్టెప్నీ చక్రం పక్కన నాకు చోటు దొరికింది. ఆ కారుతోపాటే చీమకుర్తి చేరాను. మీరు చీమకుర్తి చూశారో లేదో, అది నల్లరాయి ఊరు. భూమిలోంచి కొండలంత బండలు తీసి, కోసి, పాలిష్ పట్టి దేశాలకు పంపుతారు. మిగిలిన ముక్కలు ఊళ్లోవాళ్లవి. గడపా అదే, మెట్లూ అవే, బట్టలుతికే బండా అదే. కోళ్లగూటి పైకప్పు కూడా చుక్కల చుక్కల నల్లరాయే. ఆ ఊరి కోళ్లు పొద్దున్నే లేచి తమ మొహాలు అందులో చూసుకుని గానీ కూత పెట్టవు.

కారు కొన్నది మాలకొండయ్య. ముప్పై ఒక్క ఏళ్లు రాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మేస్త్రీగా చేసి ఇల్లు చేరినవాడు. పొట్టిగా, గట్టిగా, కొంచెం నాలాగే ఉంటాడు. ఆయన కారు తీసేది శనివారం శనివారం, మాలకొండ స్వామి దర్శనానికి. మిగిలిన ఆరు రోజులూ దానికి తడిగుడ్డ, పొడిగుడ్డ. తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతూ ఉండేది. కొడుకు బ్రహ్మం క్వారీలో నలభై టన్నుల బండను ఎత్తే యంత్రాన్ని నడుపుతాడు, తండ్రి ఎదుట మాత్రం కారు తాళం అన్న మాట కూడా ఎత్తడు.

ఆ మాట ఎత్తింది కోడలు చెంచులక్ష్మి. బడిలో టీచరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆమెను ఆ యేడు పొదిలి అవతల ఒక చిన్న ఊరి బడికి మార్చారు. మూడు ఆటోలు మారి, ఆఖరి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లాలి. రెండు నెలలపాటు చీకటితో లేచి, రెండో గంట కొట్టాక చేరింది. ఈలోగా ఒంగోలు వెళ్లి డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుంది. తెచ్చి మామగారి ముందు పెట్టింది.

"కారు ఇవ్వండి మామయ్యా. లేకపోతే ఆ ఊళ్లోనే గది తీసుకుని ఉంటాను. ఆదివారం ఆదివారం వస్తాను. ఈ సోమవారంలోగా చెప్పండి."

ఆ మాటకు ఇంట్లో అందరూ గతుక్కుమన్నారు. బ్రహ్మం కంచంలో కలిపిన అన్నాన్నే మళ్లీ కలపడం మొదలుపెట్టాడు. అత్తగారు ఆదెమ్మ మొగుడి వైపు చూసింది. మాలకొండయ్యకు కోడలు వెళ్లిపోవడం ఇష్టం లేదు. పొద్దున్నే ఆమె గట్టిగా పేపరు చదువుతుంటే, మధ్య మధ్య తాను వ్యాఖ్యానం చెప్పడం ఆయనకు అలవాటు. కానీ కారు ఇవ్వడమూ ఇష్టం లేదు.

"బండి తోలటం ఏముందమ్మాయ్, గేదె గూడా రోడ్డు మీద తిన్నగానే నడుస్తది" అన్నాడు. "కొండ మలుపులో టైరు పోయిందనుకో. మార్చేదెవరు? మీ డ్రిల్లు మేష్టారు పరిగెత్తుకుంటా వస్తాడా?"

"నేనే మారుస్తాను."

"నువ్వా! సుద్దముక్క పట్టుకునే చేతులమ్మా అయ్యి. సరే, ఆదివారం మన వాకిట్లో చూద్దాం. ముందు టైర్లు అరిగినయ్యి. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, నాలుగూ మార్చాల. నువ్వొక్కదానివే. నేను వేలు గూడా పెట్టను. మార్చావంటే తాళం నీది."

"మాట తప్పరుగా?"

"మాలకొండయ్య మాట రాయి మీద చెక్కినట్టే" అన్నాడాయన, తొడ మీద చరుచుకుని.

అలా నా మీద పందెం పడింది. డిక్కీలో పడుకుని అంతా విన్నాను. ఆ రాత్రి స్టెప్నీకి నిద్ర పట్టలేదు, నాకు మామూలుగానే పట్టింది.

ఆదివారం ఇడ్లీలు తిని బ్రహ్మం క్వారీ డ్యూటీకి పోగానే, చెంచులక్ష్మి చీర కొంగు నడుముకు దోపుకుని వాకిట్లోకి వచ్చింది. ముందురోజు వాన పడి ఎర్రమట్టి మెత్తగా ఉంది. ఆమె మామగారి చేత కారును గోడ పక్కన చదునైన చోటికి తెప్పించి, చేతిబ్రేకు బిగించి, గేరులో వేయించింది. నన్ను తీసి కింద పెట్టింది. లేపబోయే చక్రానికి అవతలి మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా ఇటుకలు దోపింది.

మాలకొండయ్య మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక చేతిలో నాలుగు నిమ్మకాయలు. "ఇటుకలెందుకమ్మాయ్? నిమ్మకాయలు పెట్టు. కారు కొన్ననాడు ఇయ్యే పెట్టాం, అంగుళం కదల్లా."

"నిమ్మకాయ దిష్టికి మామయ్యా, ఇటుక చక్రానికి."

ఆదెమ్మ లోపలినుంచి నవ్వింది. ఆయన నిమ్మకాయలు పంచె మడతలో దాచేసుకున్నాడు.

చెంచులక్ష్మి ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చుని, నన్ను ముట్టుకోకుండానే చక్రం నట్లకు స్పానరు తగిలించి, దాని మీదకు కాలెక్కించి తొక్కింది. కిర్రుమంటూ ఒక్కొక్కటే సడలాయి.

"ఎత్తకుండానే ఇప్పుతున్నావేంది?"

"ఎత్తాక విప్పితే చక్రం గిర్రున తిరుగుతుంది. నేలను పట్టుకుని ఉన్నప్పుడే సడలించాలి. పూర్తిగా తీయను, కొంచెమే."

ఆయన గొణిగాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ల మేస్త్రీరికంలో తెలియని సంగతిని తెలియదని ఒప్పుకున్న సందర్భం కూడా లేదు.

మట్టి మెత్తగా ఉంది కాబట్టి నా పాదం కింద చెక్క కావాలి. చెంచులక్ష్మి వంటింట్లోకి వెళ్లి అత్తగారి పీట అడిగింది. మంచి చేవగల కర్రతో చేసిన పీట, ఆదెమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్నది.

"దాని మీద కూర్చునే మీ ఆయనకు ఉగ్గు పోశానమ్మా" అంది ఆదెమ్మ.

"ఇవాళ దాని మీద కారు కూర్చుంటుంది అత్తయ్యా."

ఆదెమ్మ పీట ఇచ్చింది కానీ, దాని వెనకే వాకిలిదాకా వచ్చింది.

చెంచులక్ష్మి వంగి, కారు అంచు కింద గంటు ఉన్న గట్టి చోటు చేత్తో తడిమి చూసి, నా అరచేయి సరిగ్గా అక్కడ ఆనేలా పెట్టింది. కడ్డీ తిప్పింది. లేచాను. చక్రం నేల వదిలింది. నట్లు తీసి గిన్నెలో వేసి, చక్రం ఊడదీసి, దాన్ని వెల్లకిలా కారు అంచు కిందకు తోసింది. నేను జారినా కారు దాని మీద ఆగుతుంది. అది చూసి మస్తాన్ వలీ గుర్తొచ్చి నా మర చల్లబడింది.

నాలుగు చక్రాలు మార్చడానికి ఉన్నది నేనొక్కణ్నే కదా, ఎలా అంటారా? అదీ బడి తెలివే. ముందు ఎడమ చోట స్టెప్నీని బిగించింది. అక్కడ ఊడదీసిన చక్రాన్ని వెనక ఎడమకు. అక్కడిది ముందు కుడికి. అక్కడిది వెనక కుడికి. అక్కడిది మళ్లీ ముందు ఎడమకు. అక్కడున్న స్టెప్నీ బయటికి వచ్చి డిక్కీలోకి. నెలకోసారి పిల్లల బెంచీలు మార్చే టీచరుకు ఇదొక లెక్కా? ముందు బెంచీ వాళ్లు అదే వరుసలో వెనక్కి, వెనక వాళ్లు అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ మారి ముందుకు. ఎవరూ ఒక్కచోటే కూర్చుని అరిగిపోకూడదు. నాలుగు చక్రాలకు నేను ఐదుసార్లు లేవాలి, అంతే.

రెండు చోట్లా పని అయ్యేసరికి ఎండ ఎక్కింది. చెంచులక్ష్మి అరచేతులు ఎర్రగా కందాయి, బొటనవేలి మొదట్లో బొబ్బ లేచింది. ఆమె ముందు కుడి చక్రం నట్లు సడలించి, నన్ను తెచ్చి పక్కన పెట్టింది. ఆదెమ్మ లోపలికి పిలిచింది. "ఒక గ్లాసు మజ్జిగ తాగి పోవే. చేతికి కాస్త వెన్న రాస్తా."

ఆమె లోపలికి వెళ్లింది. వాకిట్లో నేనూ, మాలకొండయ్యా మిగిలాం.

ఆయన అటూ ఇటూ చూశాడు. కోడలి అరచేతులు ఆయన కూడా చూశాడు. మెట్టు దిగి వచ్చి, "ఒక్క చక్రం. ఎవురికి తెలుస్తదిలే" అని నాతోనే అన్నాడు. పందెం కట్టిన మనిషే, తాను ఓడిపోవడానికి తానే దొంగతనంగా సాయం చేయబోవడం నా జీవితంలో మొదటిసారి చూశాను.

అయితే చేసేది మాలకొండయ్య కదా. పీట మీద అప్పటికే నా పాదం గుర్తులు రెండు పడ్డాయి. ఆదెమ్మ చూస్తే ఊరుకోదు. ఆయన పీటను తీసి గోడకు ఆనించి, కోళ్లగూటి పక్కనుంచి మూరెడు నల్లరాయి పలక తెచ్చాడు. దానికి ఒకవైపు గరుకు, ఒకవైపు అద్దం. మట్టిలో గరుకువైపు పైకి పెట్టి ఉంటే నాకు కాలు ఆనేది. కానీ ముప్పై ఒక్క ఏళ్లు పాలిష్ పట్టిన చేతులు పాలిష్ మొహాన్ని బురదలో బోర్లా పెట్టగలవా? పైకే పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక, నీళ్లు చల్లి, తువాలుతో తుడిచి, మెరుగు చూసుకుని, "ఆహా" అన్నాడు. నన్ను దాని మీద నిలబెట్టాడు.

నేను కిందకు చూస్తే నా మొహమే కనిపించింది. అంత దగ్గరగా నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. అందగాణ్ని కాను.

ఆయన తిప్పాడు. లేచాను. ఇటుకలు పాతచోటే ఉండిపోయాయి. చక్రం ఊడదీశాడు, దాన్ని కారు కిందకు తోయాలన్న సంగతి ఆయనకు తట్టలేదు, పక్కన పడుకోబెట్టాడు. తీసిన నట్లలో ఒకటి చేజారి, దొర్లుకుంటూ కారు కిందకు పోయింది. మాలకొండయ్య బోర్లా పడుకుని, భుజందాకా చేయి లోపలికి చాపాడు.

అప్పుడు నా పాదం వెంట్రుకవాసి కదిలింది.

కారు బరువంటే నాకు భయం లేదు. బరువు నెత్తిన తిన్నగా ఉంటే ఎంతైనా మోస్తాను. తడిసిన అద్దం మీద నిలబడి మాత్రం గింజంత కూడా మోయలేను. నేను కేక వేయలేను. మర కిర్రుమంది. "ఊఁ, ఉండవయ్యా, దొరికింది" అన్నాడాయన.

చెంచులక్ష్మి గడపలోకి వచ్చింది. చేతిలో మజ్జిగ గ్లాసు. ఆమె కళ్లు మామగారిని చూడలేదు, నా పాదాన్ని చూశాయి. గ్లాసు ఎక్కడ పడిందో నాకు తెలియదు. మూడు అంగల్లో వచ్చి, పక్కనున్న చక్రాన్ని అరికాలితో ఒక్క తాపు తన్నింది. అది సగం కారు అంచు కిందకు దూరింది. రెండో తాపుకు మొత్తం దూరింది.

"మామయ్యా, చెయ్యి!"

ఆ గొంతు పెద్దది కాదు. బడిలో ఆ గొంతు వింటే కిటికీ మీది కాకి కూడా సర్దుకుని కూర్చుంటుందట. మాలకొండయ్య చేయి వెనక్కి లాక్కున్నాడు.

నేను జారాను. కారు ధబ్బున దిగి, చక్రం మీద ఆగింది. రబ్బరు ఒకసారి మూలిగింది. నేను రాయి మీదనుంచి ఎగిరి కోళ్లగూటికి తగిలి, వెల్లకిలా పడ్డాను. కోళ్లు గూడు అదిరేలా అరిచాయి.

మాలకొండయ్య తన చేతిని తన ముందు పెట్టుకుని, వేళ్లు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచి చూసుకున్నాడు. ఐదూ ఉన్నాయి. ఆ అరచేతిలో నట్టు కూడా ఉంది.

ఆదెమ్మ పరుగున వచ్చి మొగుడి చేయి పట్టుకుని, ఉందని రూఢి చేసుకున్నాక తిట్టడం మొదలుపెట్టింది. "వేలు పెట్టనంటివి, చెయ్యంతా పెడితివి! రాళ్ల మజ్జన బతికి బుర్ర గూడా రాయైపోయిందయ్యా నీకు!"

"పందెం చెడిందమ్మాయ్" అన్నాడాయన, కోడలి మొహం చూడకుండా. "నువ్వొక్కదానివే చెయ్యాల అన్నా. నేను చేశా. తప్పు నాదే, అయినా పందెం పందెమే."

చెంచులక్ష్మి చేతులు కొంగుకు తుడుచుకుంది. నన్ను ఎత్తి, నా మర పైకీ కిందకీ తిప్పి, నా చేతులు ఒక్కొక్కటే తడిమి, వంకర ఉందేమో చూసింది. గీత పడింది, వంగలేదు.

"మీరు చేసింది లెక్కలోకి రాదు మామయ్యా. ఈ చక్రం మళ్లీ మొదటినుంచి నేను చేస్తాను. మీరు ఆ మెట్టు మీద కూర్చోండి. చేతులు ఒళ్లో పెట్టుకుని."

ఆయన వెళ్లి కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె ఇటుకలు మార్చి, గోడకు ఆనించిన పీట తెచ్చి, నన్ను దాని మీద నిలబెట్టి, మళ్లీ ఎత్తింది. ముందు కుడి అయింది. వెనక కుడి అయింది. మళ్లీ ముందు ఎడమ. ప్రతిచోటా నట్లు వరుసగా కాకుండా ఒకదాని తర్వాత దాని ఎదుటిది బిగించి, నన్ను దించి, చక్రం నేలకు ఆనాక మళ్లీ కాలితో తొక్కి గట్టిగా బిగించింది. మధ్యాహ్నం పప్పు తాలింపు వాసన వచ్చేసరికి నాలుగూ అయ్యాయి. అంతసేపూ మెట్టు మీదనుంచి ఒక్క సలహా రాలేదు. మాలకొండయ్య జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది తన పెళ్లిలో ముహూర్తం వేళ మాత్రమేనని ఆదెమ్మ తర్వాత చెప్పింది.

ఆయన మొలతాడు ముడి విప్పడానికి గది లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చాడు.

"ఇదిగోమ్మా. పందెం గెలిచావని గాదు" అన్నాడు, తాళం ఆమె బొబ్బ లేని చేతిలో పెడుతూ. "ఈ ఇచ్చే చెయ్యి నాకింకా ఉన్నందుకు."

సోమవారం చెంచులక్ష్మి మొదటి గంటకు ముందే బడి చేరింది. డిక్కీలో నేనూ వెళ్లాను. ఆ రోడ్డు గురించి చెప్పమంటే గుంటల లెక్కే చెప్పగలను. మూడువందల పన్నెండు. కొంచెం అటూ ఇటూ.

మేము వెళ్లడం మొదలుపెట్టిన నాలుగోరోజు పొద్దున, మాకంటే ముందే ఒక కథ ఆ ఊరు చేరింది. చీమకుర్తి బస్టాండులో టీ బెంచీ మీద మాలకొండయ్య చెబుతున్నాడట. కారు తన మీద పడబోతుంటే, కోడలు చెంచులక్ష్మి ఒంటి చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుందట. రెండో చేత్తో మజ్జిగ తాగుతూనే ఉందట. నా పేరు అందులో ఎక్కడా లేదు. కోతలు కోయడంలో నాకంటే పెద్దవాడు ఒకడున్నాడని ఆ రోజు తెలిసింది. పైగా ఆయన కోసింది తన గొప్ప కాదు, కోడలి గొప్ప. నేను అంతదాకా ఎదగలేదు.

ఆ బడిలో మధ్యాహ్నం భోజనం వండే రత్తమ్మ ఆ మాట విని, గరిటె చేతిలో ఉండగానే టీచరు దగ్గరకొచ్చింది. ఎండిన చింతబరికలా ఉంటుంది మనిషి.

"ఏం మేడంగారా, కారును ఒంటి చేత్తో ఎత్తారంటగా మీరు?"

చెంచులక్ష్మి కాదనబోయి ఆగింది. "నువ్వూ ఎత్తగలవు రత్తమ్మా. చూస్తావా?"

పిల్లలను వరండా గట్టు దాటి రావద్దని చెప్పి, తాను బడి ముందు సిమెంటు నేల మీద కారు నిలిపి, బ్రేకు వేసి, ఇటుకలు దోపింది. నన్ను గంటు కింద పెట్టి, స్టెప్నీని పక్కనే కారు అంచు కింద పడుకోబెట్టి, కడ్డీ రత్తమ్మ చేతికిచ్చింది. రత్తమ్మ గరిటె ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో భయంభయంగా ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టు. పదో చుట్టు. చక్రానికీ నేలకీ మధ్య సన్నగా ఎండ కనిపించింది.

"వామ్మో, లేస్తందే!" అంది. మళ్లీ తిప్పింది. "మేడంగారా, ఇంత తేలికా? మరి ఈ మగాళ్లు ఇన్నాళ్లూ చొక్కాలిప్పి, చెమటలు కార్చి, మనల్ని దూరం పొమ్మని, ఎందుకంత బిల్డప్పిచ్చారు?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి ఆ ఊరి కబుర్లలో రత్తమ్మ కారు ఎత్తింది. మర్నాటికి కారులో హెడ్మాస్టరు కూర్చుని ఉండగా ఎత్తింది. వారం తిరిగేసరికి ఆ సంగతి హెడ్మాస్టరే చెబుతుండగా విన్నాను.

ఎత్తింది నువ్వే కదా, నీకు బాధ లేదా అని అడుగుతారు మీరు. లేదు. పైన చూసినవాళ్లు కారును చూశారు. పదకొండో చుట్టుకు రత్తమ్మ మొహం ఎలా వెలిగిందో, అంత కిందనుంచి, అంత దగ్గరగా, చూసింది నేనొక్కణ్నే.